పూర్వీకుల తలుపు, పద్నాలుగో సాంచె

డిండోలి, సూరత్
8 జూన్ 2025

మామా,

ఫోన్ల కాలంల కాయితమేందని పోస్టాఫీసాయన నన్ను పైనుంచి కిందిదాక చూసిండు. "మా మామ ఫోను గేటుకాడ పెట్టించుకుంటరు, ఆదివారం ఐదు నిమిషాలు ఇస్తరు" అన్న. "జైల్ల ఉన్నడా?" అన్నడు. "కాదు, ఫారిన్‌ల ఉన్నడు" అన్న. ఆ ఐదు నిమిషాలు మా అమ్మ "తిన్నవా తమ్మీ, ఏం తిన్నవ్" అనుడుకే సరిపోతయి. ఇంకోటి, ఫోన్ల నాకు కోపమొస్తే నువ్వు "ఇనొస్తలేదు అల్లుడా" అని పెట్టేస్తవ్. కాయితానికి ఆ బహానా లేదు.

నువ్వు పోయి మూడు నెలలాయె. మేమిక్కడ కరెంటుతోని నేసే సాంచెల వెనుక గానుగెద్దుల లెక్క తిరుగుతుంటే, నువ్వు ఆ దీవిల చేతిమగ్గం నేర్పే ఉస్తాద్‌వైనవ్. ఈ ముచ్చట మా ఖాతా షెడ్డుల నలభై ఎనిమిది సాంచెల కాడ చెప్పిన. సాంచెలు నడిపే ఒడియా కారిగర్లకు హిందీల చెప్పిన, శేఠ్ కాడ లెక్కలు రాసే మేతాజీకి గుజరాతీల చెప్పిన. పక్క సాంచె రాములన్నకైతే పది సార్లు చెప్పిన. ఆయన చెవులు సాంచెల మోతకు సగం పోయినయ్ గద, పది సార్లు చెప్తే రెండు సార్లు చెప్పినట్టు.

నా సంగతి ఏముంది. నాకు పద్నాలుగో నంబరు సాంచె అంటగట్టిండ్రు. పోగును అటిటు మోసే నాడెను కొట్టే కర్ర అరిగి వదులైంది. మీటరుకొకసారి దెబ్బ తప్పుతది, అడ్డంగ ఒక పోగు పడదు, గుడ్డల సన్న సందు మిగుల్తది. సాంచెలన్ని చూసుకునే పరుశురాం మాస్టర్ ఆ సందులకెళ్లి నన్ను చూసుకుంట తిడ్తడు. "కర్ర మార్చు మాస్టర్" అని పదకొండు సార్లు చెప్పిన. మనూరోడే, అర్థంగాక కాదు. "పాతదైనా నడుస్తుంది గదరా" అంటడు. మా తాత కూడ చచ్చే దినం దాక నడిచిండు మామా.

అక్కడ నీకు శిష్యులు ఎందరు? ఒక ఫొటో పంపు. గోడకు పెడ్త.

నీ మేనల్లుడు,
వినోద్

*

దీవి నుంచి
(పేరు రాయనీకి రాలే, కవరు మీద మేనేజరు రాసిండు)
24 జూన్ 2025

వినోదూ,

నీ కాయితం అందింది. మూడు సార్లు చదివిన. నాలుగోసారి చదువుదామంటే చెమటకు అక్షరాలు కారిపోయినయ్. ఇక్కడ ఉక్క అట్లున్నది.

శిష్యులు ఎందరని అడిగినవ్. ఏం చెప్పాలె, రోజుకు రెండు వందల మంది వస్తరు. బస్సులల్ల వస్తరు. దాన్ని "సంస్కృతి, పల్లెసీమల పూర్తిదిన యాత్ర" అంటరు. పొద్దున ఎనిమిదింటికి హోటళ్ల కాడ ఎక్కిస్తరు. ముందుగాల గుడి, అక్కడ ఇరవై నిమిషాలు భక్తి. అటెన్క మసాల తోట, దాల్చినచెక్క వాసన చూపెడ్తరు, వాసన తగ్గకముందే అమ్ముతరు. తర్వాత వరిమడి. ఒకాయన దున్నపోతుతోటి దున్నుతుంటడు. నేనొచ్చిన కాన్నుంచి అదే మడి దున్నుతున్నడు, ఇంకా నాటు పెట్టలే. పదకొండు నలభైకి మా నేతవాడ. ఆకుల భోజనం, జలపాతం, చేపల పల్లె, ఆఖరుకు పొద్దు మునుగుడు. ఈ యాత్రల ఎవ్వలు చెప్పకుండ టైముకు తన పని తాను చేసుకపోయేది ఆ పొద్దొక్కటే.

మన క్లాసుల మాట్లాడుడు బంద్. అది రూలు. చేతులే మాట్లాడాలె అంటరు. మంచిదే గద, నాకు వాళ్ల భాష రాదు. మెడల గవ్వల దండ వేస్తరు, అది గౌరవం.

మొన్న ఒక తమాష. ఒక తెల్లామె దుకాణంల గుడ్డ తెచ్చి, అడ్డంగున్న సన్న సందు చూపెట్టి "ఇదేంది" అన్నట్టు సైగ చేసింది. నాకేం తెలుసు? ఆ గుడ్డ నేను నేసింది కాదాయె. దేవునికెరుక అన్నట్టు చెయ్యి పైకెత్తిన. గైడు నా చెయ్యిని చూసి ఇంగ్లీషుల ఏందో పెద్దగ చెప్పిండు. అందరు తలలొంచి దండం పెట్టిండ్రు. ఆ ఎనుక ఆ సందున్న గుడ్డలే ఏరి ఏరి కొన్నరు. మనుషులు విచిత్రం అల్లుడా.

మీ అమ్మను, గంగక్కను, చీరలకు రాళ్లంటించే పని రాత్రిళ్లు పెట్టుకోవద్దను, కండ్లు పోతయి. కర్ర సంగతి పన్నెండోసారి చెప్పు. నెమ్మదిగ చెప్పు.

ఆశీర్వాదాలతో,
లింగమూర్తి మామ

*

డిండోలి
13 జులై 2025

ఉస్తాద్ మామా,

నీకు తెల్లోళ్లు దండం పెట్టిండ్రన్న ముచ్చట ఖాతాల చెప్పిన. రాములన్న చాయ్ తాపిండు. "మీ మామ చెయ్యెత్తితే దండం పెడ్తున్నరా? మనం చెయ్యెత్తితే సంచి మొయ్యమంటరు" అన్నడు.

ఇక్కడొక చిత్రం జరిగింది, జర నువ్వే తెలివి చెప్పు. పన్నెండోసారి నెమ్మదిగ చెప్పిన. మాస్టర్ నెమ్మదిగనే తిట్టిండు. సరే, నేనే కర్ర బిగిద్దామని పానా పట్టుకున్న. అప్పుడే శేఠ్ వచ్చిండు. ఎన్నడు షెడ్డుల అడుగు పెట్టనోడు ముక్కుకు రుమాలు కట్టుకొని సీదా పద్నాలుగు కాడికొచ్చిండు. గుడ్డల సందు మీద ఏలు పెట్టి, పుట్టిన పిల్లను నిమిరినట్టు నిమిరిండు. "ఇదే గావాలె. ఎక్స్‌పోర్ట్ పార్టీ ఇదే అడుగుతున్నది. ఈ మిషిన్‌ను ఎవడన్న బాగు చేసిండో, వాని నౌకరి ఖతం" అన్నడు. మాస్టర్ నా చేతిలకెళ్లి పానా గుంజుకున్నడు. నిన్నటిదాక ఆ సందుకు తిట్టినోడు ఇయ్యాల సందు రాకుంటే తిడ్తున్నడు! ఏ పిచ్చోడు మామా, తప్పు నేసిన గుడ్డ కావాలని అడిగేది?

కర్ర ఇంకా వదులైతున్నది. మొన్న నాడె ఎగిరి గోడకు తగిలింది. ఇనుప మొన ఉంటది దానికి, నీకు నేను చెప్పాల్నా. సున్నం రాలి అంగుళం గుంత పడ్డది. "గోడకే గద తగిలింది" అన్నడు మాస్టర్.

ఇంకో మంచి ముచ్చట. మా జమునక్క పాల్ ఏరియా ఫ్లాట్లల్ల వంట చేస్తది గద, సుబ్బరామయ్య సారు ఇంట్ల. హజీరా కంపెనీల పెద్ద ఇంజనీరు. ఆయన, పద్మిని మేడం నీ దీవికే వస్తున్నరు, వచ్చే నెల ఫస్ట్‌కు! అదే పూర్తిదిన యాత్ర, రంగుల కాయితం అక్కకు చూపెట్టిండ్రట. "మా మామ అక్కడ పెద్ద ఉస్తాద్, కలవుండ్రి" అని చెప్పుమన్న. మంచిగ మాట్లాడు. జర అంగీ ఇస్త్రీ చేసుకో.

వినోద్

*

దీవి నుంచి
26 జులై 2025

వినోదూ,

నీ కాయితం చదివి, పళ్లెం పక్కకు పెట్టి ఇది రాస్తున్న.

ఆ సారును, మేడాన్ని రానియ్యకు. అంటే దీవికి రానియ్యి, నేతవాడకు మాత్రం వద్దను. ఆ దినం నాకు ఉపాసం. పైగ ఆ రోజు నన్ను ఇంకో ఊరికి పంపుతరంట. జలపాతం కాడ ఇంకో గంట ఎక్కువ కూసోమను, చల్లగుంటది. నేతలో చూడనీకి ఏమున్నది? సూరత్‌ల నేత లేదా?

ఇంకా నీ సాంచె సంగతి. నాడె ఎగురుతుంటే ముందట నిలబడకు. పక్కకుండి నడుపు. రాములును కూడ జరగమను. నీ పద్నాలుగుకు ఎదురుగనే గద ఆయన నిలబడేది? చెప్పు ఆయనకు. పది సార్లు చెప్పు.

ఇక్కడ వరిమడి దున్నేటాయనకు జ్వరమొచ్చింది. పేరు బుచ్చిరాములు, మన జగిత్యాల దిక్కోడే, మొన్ననే తెలిసింది. నాలుగు నెలలు పక్కపక్కన తిని, "నీది ఏ ఊరు" అని ఒకరినొకరం అడగలే. ఇద్దరికీ మాట్లాడుడు బంద్ గద.

ఇంక రాసేదేం లేదు. సారుకు తప్పకుండ చెప్పు, వద్దని.

మామ

*

డిండోలి
9 ఆగస్టు 2025

లింగమూర్తి గారికి,

అవును, "గారు" అనే రాసిన. పెద్దోనివైనవ్ గద. చుట్టాలు పనోళ్లని, వంటోళ్లని ఆ సారుకు తెలుస్తదని నీకు సిగ్గైతున్నది. అర్థమైంది. ఉపాసమంట! మొన్న శివరాత్రికి బజ్జీలు తిన్న మనిషివి.

కాయితం చదివి జమునక్క ఏమన్నదో తెలుసా? "పోనీలే తమ్మీ, ఆయన మర్యాద ఆయనది" అన్నది. ఆమె మంచిది, నేను కాదు. ఎట్లైన నీ కాయితం వచ్చేటాల్లకే వాళ్లు విమానమెక్కిండ్రు. నువ్వు ఎక్కడనో దాక్కోని ఉంటవ్.

వినోద్ (పద్నాలుగో నంబరు)

*

డిండోలి
27 ఆగస్టు 2025

మామా,

ఈ కాయితం నిలబడి రాస్తున్న. కూసుంటే చింపేస్తనేమో.

మొన్న ఆదివారం జమునక్క ఒక గుడ్డ, ఒక ఫొటో తెచ్చింది. పద్మిని మేడం ఇచ్చిందట, "నువ్వు చెప్పిన మామ ఎక్కడ కనబడలేదు జమునా, కానీ ఇదిగో, ఆ దీవి చివరి నేతగాడు" అని.

ఫొటోల నువ్వున్నవ్. అంగీ లేదు. నడుముకు ఆకులు, మెడల గవ్వలు, నెత్తి మీద కోడి ఈకలసొంటిది. మేడం అక్కతోని "ఆ తెగలో ఆయన ఒక్కడే మిగిలాడట, పుట్టు మూగట, పాపం. కళ్లలో ఎంత జ్ఞానం!" అన్నదట. అక్క ఏం జెయ్యాలె? పోపు మాడిపోయిందని చెప్పి వంటింట్లకు పోయి ఏడ్చింది. అమ్మకు ఫొటో చూపెట్టలే. నేను గోడకు పెడ్తనన్న ఫొటో ఇదే.

ఇగ గుడ్డ. చెట్టు నారతో ఆరు నెలలు నేసిందట. చేతుల పట్టుకోంగనే తెలిసింది. పాలిస్టర్! మీద తాబేళ్లు అచ్చేసిండ్రు. తిరగేసి చూసిన. మీటరుకొక సందు. ఒక్క కాడ పోగు తెగితే ముడి పడ్డది: ఎడమకు రెండు మెలికలు, తోక పంటితోని కొరికిన ముడి. ఆ ముడి లోకంల ఇద్దరికే తెలుసు. ఒకడు నేర్పినోడు, ఒకడు నేర్చుకున్నోడు. నేను పద్నాలుగు మీద కట్టిన ముడి అది. నువ్వు అక్కడ గవ్వలేసుకొని అమ్మిపిస్తున్నది నా గుడ్డ!

సందు సంగతి కూడ మేడం చెప్పిందట. "చివరి నేతగాడు ప్రతి గుడ్డలో ఒక తలుపు వదులుతాడు, పూర్వీకుల ఆత్మలు వచ్చిపోవడానికి" అని. నువ్వు చెయ్యి పైకెత్తినవ్ జూడు, ఆ చెయ్యి ఇది. ఏ పిచ్చోడు తప్పు గుడ్డ అడుగుతడని రాసిన గద. మా మామనే.

ఇప్పుడు అసలుది చదువు. 22 తారీకు పొద్దుగాల పదింటికి పద్నాలుగుల నాడె ఎగిరింది. నేను పక్కకే ఉన్న, నువ్వు చెప్పినట్టు. రాములన్నకు పది సార్లు చెప్పిన. ఆయన నవ్వి, "నాడె వస్తే నేనే ఎదురు పోయి తెస్త" అన్నడు. కుడి కంట్ల తగిలింది. తగిలినంక కూడ ఆయన చెయ్యి తన సాంచె ఆపనీకే పోయింది, పోగులు తెగుతయని. సర్కారు దవఖాన్ల ఉన్నడు. చూపు వస్తదో రాదో చెప్పలేమన్నరు. ఆయన భార్య బుచ్చవ్వ నాకే చాయ్ పోసింది. తిడ్తే బాగుండు.

శేఠ్ ఏం జేసిండు? నెత్తురు పడ్డ గుడ్డ కోపిచ్చి, సాంచెకు పూలదండ ఏపిచ్చిండు. కర్ర మాత్రం మార్చలే. దీపావళిదాక ఆర్డరున్నదట, తలుపులున్న గుడ్డకు.

నువ్వెత్తిన చెయ్యి నువ్వే దించాలె. నిజం చెప్పు వాళ్లకు. నోరున్నది గద నీకు!

వినోద్

*

దీవి నుంచి
8 సెప్టెంబర్ 2025

బిడ్డా,

తిట్టు. ఇంకా తిట్టు. నువ్వు రాసింది తక్కువ.

మొదటి దినం నుంచి చెప్త. సూరత్‌ల యాభై దాటినోనికి సాంచె ఇయ్యరు, కన్ను ఆనదంటరు. నా కన్ను ఆనుతది, వాళ్లకు నేను ఆనలే. ఆర్నెల్లు ఖాతాలన్ని తిరిగిన. అప్పుడు ఏజెంటు "గుంటమగ్గం తెలుసా" అని అడిగిండు. ఇరవై ఏండ్లైంది ఆ మాట ఎవ్వరన్న అడిగి. తెలుసన్న. ఇక్కడికొచ్చినంక చూస్తే నిజంగనే మగ్గమున్నది అల్లుడా. కాళ్లు గుంతల పెట్టి కూసుంటే, గవ్వలేం, ఈకలేం, వాళ్లు తోకలు కట్టినా ఊకుందు. అంగీ ఇప్పమన్నరు, ఇప్పిన. మూగోనిలెక్క ఉండుమన్నరు, ఉన్న. ఇంటికి ఫోన్ల "ఉస్తాద్" అని మొదలు అన్నది గంగక్క, నేను కాదన్లే. గంతే నా అబద్ధం. చిన్నగనే మొదలైంది.

ఒక్క మాట నీకు రాయలే, సిగ్గుకు. బస్సు ఉండేది పన్నెండు నిమిషాలు. ఒక్క బస్సుకు నేను నాలుగు వేళ్లంత గుడ్డ నేస్త. పొద్దుమీకి ఒకామె వచ్చి ఆ దినం నేసిందంత పోగు పోగు ఇప్పుతది, రేపు మళ్ల అదే నేయాలె గద, రంగుల కాయితం బొమ్మల ఎంత గుడ్డున్నదో అంతే ఉండాలె. ఆర్నెల్లల్ల నేను నేసింది జానెడు. ఆ జానెడే. నేసిన గుడ్డను మగ్గం మీదికెళ్లి కోసే సుఖం నీకు తెలుసు. నాకు అది లేదు.

ఈ దీవి మనుషులు ఏరి అనుకుంటున్నవా? ఉన్నరు. హోటళ్లల్ల దుప్పట్లు ఉతుకుతరు, బస్సు నడుపుతరు. వాళ్లు ప్యాంట్లేసుకుంటరు, ఫొటోకు పనికి రారని మమ్మల్ని తెచ్చిండ్రు.

ఆ సారు, మేడం వచ్చిన దినం గుర్తున్నది. మేడం నా ముందట నిలబడి సారుతో తెలుగుల అన్నది: "చూశారా, ముఖం మన జమున ముఖంలా లేదూ?" సారు "అన్ని తెగలూ ఒక్కటే పద్మినీ" అన్నడు. నేను నాడె పట్టుకొని నేల దిక్కు చూసిన.

నీ కాయితం చదివి మేనేజరు కాడికి పోయిన. బుచ్చిరాములుకు కొంచెం ఇంగ్లీషు వస్తది, ఆయన్ని ఎంట తీస్కపోయిన. "ఆ సందు తప్పు, తలుపు కాదు, మనిషి కన్ను పోయింది" అని చెప్పిచ్చిన. మేనేజరు మంచిగనే ఇన్నడు. రంగుల కాయితం తీసి చూపెట్టిండు. "తలుపు అని అచ్చైంది. సీజన్ మొత్తానికి అచ్చైంది. ఇప్పుడెట్ల మారుస్తం?" అన్నడు. అచ్చులున్నది నిజం, కంట్ల పడ్డది అబద్ధం.

ఎల్లుండి బస్సుకు నేను నోరు తెరుస్త. నౌకరి పోతే పోని.

రాములు కాలు మొక్కినట్టు చెప్పు.
మామ

*

డిండోలి
24 సెప్టెంబర్ 2025

మామా,

కాయితం నిన్న అందింది. నువ్వు పదో తారీకు నోరు తెరిచి ఉంటవ్. అక్కడ తెరిచిన నోటికి ఇక్కడ జవాబైతే వచ్చింది: ఆర్డరు డబుల్! ఎన్ని తలుపులో గంత మంచిదట. మీటరుకు ఒకటి కాదు, మూడు కావాలట. మాస్టర్ కర్రను ఇంకింత వదులు చేసిండు. ఏం మాట్లాడినవ్ అక్కడ?

నేను పద్నాలుగు ఆపిన. ఎదురుగ రాములన్న స్టూలు ఏసుకొని కూసున్న. మాస్టర్ అన్నడు, "లే వినోద్, పిచ్చి చేయకు. శేఠ్‌కు తెలిస్తే నా మెడ పోతది." "రాములన్న కన్ను పోయినప్పుడు నీ మెడ ఎక్కడున్నది మాస్టర్?" అన్న. ఒడియా కారిగర్లు ఇద్దరు వచ్చి నా పక్కన కూసున్నరు. మిగిలినోళ్లు దూరం నుంచి చూసిండ్రు. శేఠ్ కబురు పంపిండు: దసరా దాటినంక పద్నాలుగు నడవాలె, నేను నడపకుంటే వేరేటోడు నడుపుతడు. ఆ వేరేటోనికి కూడ కండ్లు రెండే ఉంటయి గద.

దసరాకు ఎనిమిది దినాలున్నయ్. ఈ కాయితం నీకు అందే సరికి అవి అయిపోతయి. అందుకే నిన్ను ఇంక ఏం అడుగుత లేను. తెలియజేస్తున్న, గంతే.

వినోద్

*

దీవి నుంచి
26 సెప్టెంబర్ 2025

అల్లుడా,

ఈ కాయితం, నీ కాయితం దారిల ఎదురుపడ్తయేమో. పడితే పడని.

పదో తారీకు మాట్లాడిన. నలభై మంది ఉన్నరు. నాడె పక్కకు పెట్టి లేచి నిలబడిన. తెలుగుల చెప్పిన, నాకు వచ్చింది అదే గద: "అయ్యా, అమ్మా, నేను ఈ దీవోన్ని కాదు. నాది కోరుట్ల. ఈ గుడ్డ సూరత్‌ది, మా అల్లుడు నేసింది. ఇది తలుపు కాదు, అరిగిన కర్ర. దీనికి ఒకాయన కన్ను పోయింది. కొనకుండ్రి." చేతులు జోడిచ్చిన.

గైడు తలొంచుకొని మొత్తం ఇన్నడు. ఇని, వాళ్ల దిక్కు తిరిగి మెల్లగ నాలుగు ముక్కలు చెప్పిండు. ఏడ్చిండ్రు అల్లుడా! చప్పట్లు కొట్టిండ్రు. ఒక ముసలాయన నా కాళ్ల కాడ కూసున్నడు. బుచ్చిరాములు తర్వాత చెప్పిండు, గైడు ఏమన్నడో: "మూగ నేతగాడు జీవితంలో మొదటిసారి పలికాడు. పూర్వీకులు ఇతని నోటితో మాట్లాడుతున్నారు. ఇంకా తలుపులు కావాలంటున్నారు."

గైడును పట్టుకొని కొడ్దామనుకున్న. ఆయన "నా పిల్లలు ముగ్గురు అన్నా" అన్నట్టు మూడు వేళ్లు చూపెట్టిండు. నిజంగనే ముగ్గురో, నాలుగోది దాచిండో. కొట్టలే.

పదిహేను దినాలు ఆలోచన చేసిన. మన మాటకు ఇక్కడ రేటు లేదు. చేతికున్నది. చేతులే మాట్లాడాలని వాళ్లే రూలు పెట్టిండ్రు గద!

నిన్న పదకొండు నలభై బస్సుకు మగ్గం ముట్టలే. దుకాణంల గుడ్డ ఒకటి తెచ్చి ఒళ్లె పరిచిన. సందును వేలుతో ఎతికిన. సూదిల పోగు ఎక్కిచ్చి, ఈ అంచు నుంచి ఆ అంచుదాక సందు నింపిన. ఆఖరుకు ముడేసిన: ఎడమకు రెండు మెలికలు, తోక పంటితోని కొరికిన. గుడ్డ ఎత్తి ఎండకు పట్టిన. వెలుగు రాలే. మడతపెట్టి కండ్లకద్దుకున్న. ఇంకో గుడ్డ తీసిన. బస్సోళ్లు పోలే. డ్రైవరు హారన్ కొట్టిండు, పోలే. జలపాతం మర్చిపోయిండ్రు. మేనేజరు చెట్టు ఎనుక నుంచి చేతులూపుతున్నడు. నేను ఆయన దిక్కు చూస్తనా?

అందరు గైడును చూసిండ్రు. చెప్పు, ఏంది ఇది అని. పాపం, ఆయన రంగుల కాయితం తిరగేసి చూసిండు. ఆఖరుకు ఏదో ఒకటి చెప్పాలె గద బతకనీకి. చెప్పిండు (బుచ్చిరాములే నాకు అర్థం చెప్పిండు): "పూర్వీకులందరూ ఇళ్లకు చేరారు. నేతగాడు తలుపు మూస్తున్నాడు. ఇప్పుడు తెరిచి ఉన్న తలుపులోంచి ఎవరొస్తారో మనకు తెలియదు."

తెల్లామె ఒకతి చేతిలున్న గుడ్డను పామును ఇడిసినట్టు ఇడిసింది. పొద్దుమీకి దుకాణంల తలుపు గుడ్డ ఒక్కటి పోలే. ముందు కొన్నోళ్లు హోటల్ నుంచి తెచ్చి మూయమని వరుసకు నిలబడ్డరు. మేనేజరు సూరత్‌కు ఫోను చేసిండు, నేను, బుచ్చిరాములు ఇన్నం. సందు ఉన్నది ఒక్కటొచ్చినా సరుకు వాపస్ అన్నడు.

నన్ను ఏం చేస్తరో తెల్వది. వరుస అయిపోయేదాకైతే ఉంచుకుంటరు. వేళ్లు సూది గుచ్చుకొని నొస్తున్నయ్. మంచిగున్నది.

మామ

*

డిండోలి
14 అక్టోబర్ 2025

మామా,

నీ కాయితం కంటె ముందు నీ చెయ్యి అందింది.

పోయిన నెల 28 తారీకు పొద్దుగాల స్టూలు మీద కూసున్న. శేఠ్ ఉరికొచ్చిండు, రుమాలు మర్చిపోయి. ఎనుక మాస్టర్, మాస్టర్ ఎనుక మిస్త్రీ. నన్ను కొట్టనీకి వస్తున్నరనుకొని పిడికిలి పట్టిన. శేఠ్ నన్ను చూడనే లే. "కర్ర మార్చుండ్రి! ఒక్క సందు వచ్చినా మీ ఇద్దర్ని సందులకెళ్లి అవతల పడేస్త" అన్నడు. కొత్త కర్ర, కొత్త తోలుపట్టీ, నాడె ఎగరకుండ ముందట ఇనుప జాలి. గంటల అయిపోయింది మామా. పన్నెండు సార్లు అడిగింది, ఒక కన్ను తిన్నది, గంట పని! నలభై ఎనిమిదికి జాలీలు పెట్టిండ్రు. మా మీద ప్రేమ కాదు, గుడ్డల సందు మీద భయం. ఏ దయ్యమైతేంది.

నాకు సంతోషమైతలేదు, అది కూడ రాస్త. నేను నిజం గెలవాలనుకున్న. నిజం నువ్వు లేచి నిలబడి చెప్తే చప్పట్లు కొట్టిండ్రు. ఇంకో అబద్ధం చెప్తే కర్ర మారింది. ఈ లోకానికి సూది పెట్టి ఎక్కడికెళ్లి కుట్టాలో నాకు తెలుస్తలేదు. కోపం పోలే. పోనియ్య కూడ.

మేడం తన కాడున్న ఇంకో గుడ్డ కూడ జమునక్కకిచ్చి పంపింది, ఫోన్ల ఏదో చదివి భయపడి. "మీ దిక్కు ఎవరైనా కుట్టే వాళ్లుంటే" అన్నదట. నేనే మూసిన. మన ముడే ఏసిన. అప్పుడు అమ్మ వచ్చి ఫొటో అడిగింది. ఎప్పుడో చూసిందట, మేం దాచిన కాడనే. "ఆకులు కట్టినా నా తమ్మునిది కూసునే తీరు మారలే, మగ్గంల కూసున్నట్టే ఉన్నది" అన్నది. గోడకు పెట్టింది. అడిగినోళ్లకు తమ్ముడనే చెప్తున్నది.

రాములన్న నిన్న ఖాతాకొచ్చిండు. కుడి కంటికి వెలుగు తెలుస్తది, చెయ్యి ఊపితే నీడ లెక్క తెలుస్తది, గంతే. ఇంకో కన్నుతోటి పద్నాలుగును మస్తుసేపు చూసిండు. జాలీని పట్టుకొని గుంజి చూసిండు.

"ఎవలు జేపిచ్చిండ్రురా ఇది?" అన్నడు.

"మా మామ."

మోతల ఇనబడలే. చెవి దగ్గర పెట్టిండు. మళ్ల చెప్పిన.

"ఓహో. అక్కడ పెద్ద లీడరా?"

"కాదన్నా. అక్కడ మూగోడు."

నీ అల్లుడు,
వినోద్